అరవై ఒకటో పేజీ

ఉత్తరం వచ్చినప్పుడు నేను మా లాండ్రీలో రోలరు దగ్గర ఉన్నాను. తడి దుప్పటిని రెండు మూలలూ పట్టుకుని వేడి రోలర్ల మధ్యకు పెడితే, ఇస్త్రీ అయి అవతలి వైపు వస్తుంది. అక్కడ మా పనివాళ్ళలో పొడుగావిడ అందుకుని మడత పెడుతుంది. మా ఆయన కవరు చింపి, కాయితం చదివి, మళ్ళీ చదివి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మామూలుగానే నోట్లో నాలుక లేని మనిషి. చెడ్డ కబురైతే ఇక చెప్పనక్కర్లేదు. కాయితం నా చేతిలో పెట్టాడు. నేను చదివి, మడిచి, జేబులో పెట్టుకుని తర్వాతి దుప్పటి అందుకున్నాను.

ప్రభుత్వాసుపత్రి బట్టలు ఇరవై రెండేళ్ళుగా మేమే ఉతుకుతున్నాం. నాలుగేళ్ళకో ఐదేళ్ళకో టెండరు పిలుస్తారు, మేం వేస్తాం, మాకే వస్తుంది. ఈసారి ఇంకో కంపెనీకి ఇచ్చారు. మాకెందుకు ఇవ్వలేదో ఒక్క వాక్యంలో రాశారు. పరీక్ష కోసం వాళ్ళు పంపిన మూడు నమూనా దుప్పట్లను ఉతికి ఇవ్వకుండా, వాటి స్థానంలో వేరే దుప్పట్లు పెట్టి ఇచ్చామట. అంటే మోసం చేశామన్నమాట.

ఆసుపత్రి పని పోతే మాకు మిగిలేవి రెండు హోటళ్ళు. వాటి తువ్వాళ్ళు ఉతకడానికి ఇద్దరు చాలు. మా దగ్గర పద్దెనిమిది మంది ఉన్నారు. లాండ్రీ మూతపడుతుందని చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

నాకు ఏడుపైనా రావాలి, కోపమైనా రావాలి. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా పుట్టింట్లో పేరు. ఆ రోజు ఏదీ రాలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లుకుంటే ఎవరి కాలో గిల్లినట్టు ఉంటుంది చూడండి, అలా ఉంది. సాయంత్రం దాకా దుప్పట్లు పెడుతూనే ఉన్నాను.

కోపం మా వదినకు వచ్చింది. వదినంటే మా ఆయన అక్క. అరవై మూడేళ్ళు. లాండ్రీ పెట్టింది ఆవిడే. పెళ్ళి చేసుకోకుండా ముందు తమ్ముణ్ణి పెంచింది, తర్వాత లాండ్రీని పెంచింది, నేను కాపురానికి వచ్చాక నన్ను కూడా పెంచబోయింది కానీ అది అంతగా కుదరలేదు. రక్తపు మరకకు ముందు చన్నీళ్ళే పొయ్యాలని, వేడినీళ్ళు తగిలితే మరక గుడ్డలోనే కాపురం పెడుతుందని నాకు నేర్పింది ఆవిడే. నాకు చేతకాక వదిలేసింది కుట్టు ఒక్కటే.

ఇప్పుడు కాయితాల పనంతా నాది, కుట్టు ఆవిడది. ఉతికిన బట్టల గదిలో కిటికీ పక్కన ఆవిడ బల్ల. రోలరు దాటిన ప్రతి దుప్పటీ మూట కట్టేముందు ఆవిడ చేతుల మీదుగా పోవాలి. చిరుగు కనబడితే చాలు, సూది తీస్తుంది. ఆసుపత్రివాళ్ళు ఎప్పుడూ అడగలేదు, ఒప్పందంలో ఎక్కడా లేదు, అసలు కుడుతున్నామని వాళ్ళకు తెలియదు. దుప్పటి దారాల్లోంచే ఒక పోగు లాగి, ఆ పోగుతోనే కన్నాన్ని అల్లేస్తుంది. ఇవతల, అవతల ఎటు చూసినా గుడ్డే గానీ కుట్టు కనబడదు. ఎందుకింత శ్రమ అంటే, "చిరుగున్న దుప్పటి పంపితే రోగి కాలివేలు అందులో ఇరుక్కుంటుంది, పాపం కదల్లేని మనిషి ఎలా తీసుకుంటాడు" అనేది. ఇరవై రెండేళ్ళలో ఎవరి వేలూ ఇరుక్కున్నట్టు మాకు కబురు రాలేదు. ఆవిడ కుట్టబట్టే రాలేదంటుంది.

ఉత్తరం చదివి వదిన కళ్ళద్దాలు తీసేసింది. "మనం దుప్పట్లు మార్చామా? ఇది రాసినవాడెవరో నా ఎదురుగా కూర్చుని చెప్పమను" అంది. "అభ్యంతరం వేద్దాం. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే."

లాయరు గది చెప్పుల కొట్టు పైన. ఆయన దగ్గరికి ఎక్కువగా గోడల తగాదాలు వస్తాయి, టెండరు గొడవ మాదే మొదటిది. అయినా రెండు రోజుల్లో నిబంధనలన్నీ చదివేశాడు. పది రోజుల్లోగా అభ్యంతరం వేస్తే, అది తేలేదాకా కొత్త కంపెనీతో సంతకాలు ఆగిపోతాయట. ముగ్గురు సభ్యుల కమిటీ వింటుందట.

"నిజం చెప్పండమ్మా. మార్చారా?" అని నన్ను అడిగాడు.

"లేదు."

"అయితే భయపడాల్సిన పనేం లేదు" అన్నాడు. నాకు భయంగా లేదు. ధైర్యంగానూ లేదు. ఆయన చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి వచ్చాను.

కమిటీ గది మూడో అంతస్తులో. లిఫ్టు పనిచెయ్యడం లేదని రాసి అంటించిన కాయితం కూడా పాతబడిపోయింది. లోపల పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు, రిటైరైన జడ్జి. ఓ మూల కుర్చీలో కొత్త కంపెనీ మేనేజరు కూర్చున్నాడు. ఆయన చొక్కా మడతలు చూసి, ఇస్త్రీ వీళ్ళకు బాగానే వచ్చుననుకున్నాను.

ఆసుపత్రి కొనుగోలు అధికారి సీలు వేసిన సంచి విప్పి, మేం తిరిగిచ్చిన మూడు దుప్పట్లు బల్ల మీద పరిచాడు. పరీక్ష ఎలా చేస్తారో వివరించాడు. దుప్పట్ల మీద రక్తం, అయోడిను, యంత్రాల గ్రీజు పూసి ఇస్తారు. మరకలు ఎంత పోయాయో చూస్తారు. దాంతోపాటు ప్రతి దుప్పటికీ ఒక మూల చిటికెన వేలు దూరేంత కన్నం చేసి, కొలత రాసుకుని ఇస్తారు. ఉతికాక కన్నం ఎంత పెద్దదైతే ఆ ఉతుకుడు గుడ్డను అంత పాడు చేస్తున్నట్టు లెక్క.

"వీళ్ళిచ్చిన దుప్పట్లలో మరకలు లేవు. అది సరే. కన్నాలు కూడా లేవు. ఉతికితే కన్నం పూడదు కదండీ. కాబట్టి ఇవి మేమిచ్చిన దుప్పట్లు కావు" అన్నాడు.

గదిలో ఎవరో చిన్నగా నవ్వారు. నాకు అప్పుడు తెలిసింది. తెలియడం కాదు, గుర్తొచ్చింది. నమూనాలు తిరిగి పంపిన సోమవారం మధ్యాహ్నం వదిన కిటికీ దగ్గర నమూనా దుప్పటి ఒళ్ళో వేసుకుని కుడుతూ ఉంటే, ప్యాకింగు టేపు పట్టుకుని అటుగా పోతూ, "త్వరగా కానివ్వండి వదినా, బండి బయల్దేరాలి" అన్నది నేనే.

లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను. అనుమతి అడిగి దుప్పటి మూల పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తాను. కుట్టు కోసం వెతకాల్సి వచ్చింది. ఇన్నేళ్ళు ఆవిడ పక్కన ఉన్న నాకే వెంటనే దొరకలేదు. దొరికాక అధ్యక్షురాలికి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది, గోటితో గీరి చూసింది, మిగతా ఇద్దరికీ ఇచ్చింది.

"ఎవరు కుట్టారు?"

"మా వదినండి. చిరుగు కనబడితే కుట్టేస్తుంది. అలవాటు."

"కొత్త దుప్పటి అనుకునేలా కుట్టారు" అంది ఆవిడ. మా లాయరు గారి మొహం వెలిగిపోయింది. మేం దుప్పట్లు మార్చలేదు, మోసం చేయలేదు. ఆ సంతోషం మాకు అర నిమిషం దక్కింది.

కొనుగోలు అధికారి టెండరు పత్రాల కట్ట తెరిచి అరవై ఒకటో పేజీ చదివాడు. నమూనా వస్త్రాలను ఉతకడం తప్ప వాటికి సూది గానీ, కత్తెర గానీ, రంగు గానీ తగలనివ్వరాదు. పేజీ అడుగున నా సంతకం, మా ముద్ర ఉన్నాయి. టెండరు వేసేటప్పుడు ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాలి. మొత్తం నూట నలభై ఎనిమిది పేజీలు. మడత బల్ల మీద పెట్టుకుని, మా ఆయన ముద్ర కొడుతూ ఉంటే, నేను వరసగా పెట్టుకుంటూ పోయాను. ఇరవై రెండేళ్ళుగా అవే నిబంధనలు కదా అని కొత్తగా ఏం చేర్చారో చూడలేదు.

"చదివారా?" అంది అధ్యక్షురాలు.

"సంతకం పెట్టానండి."

"చదివారా అని అడిగాను."

లాయరు నా మోచేతి మీద చెయ్యి వేసి లేచి నిలబడ్డాడు. వారం రోజులు గడువు కావాలన్నాడు. ఇచ్చారు.

మెట్ల దగ్గర లాయరు నాకూ మా ఆయనకూ విడమరిచి చెప్పాడు. టెండరు వేసినవాళ్ళే నిబంధన తప్పితే ఇక అంతే సంగతులు. వాళ్ళు పనివాళ్ళకు చెప్పినా, ఎవరైనా మాట వినకుండా తప్పు చేస్తే, ఆ మనిషిని తీసేస్తే, మళ్ళీ ఒకసారి పరీక్ష పెట్టొచ్చని నిబంధనల్లో ఉంది.

"మీరు ఆవిడకు చెప్పారు కదా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "చెప్పే ఉంటారు" అని తనే జవాబిచ్చి, మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. మా ఆయన నీళ్ళు నములుతూ లాయరు మాటలు సగం సగం చెప్పాడు. మిగతా సగం నేను చెప్పాను.

"చెప్పానని రాయి" అంది వదిన.

"నేను చెప్పలేదు వదినా. నాకే తెలీదు."

"చెప్పలేదని నాకు తెలీదా ఏంటి? రాయమంటున్నాను. కుట్టింది నేనే కదా."

"మిమ్మల్ని పనిలోంచి తీసేసినట్టు కూడా రాయాలట."

ఆవిడ కాసేపు తమ్ముడి వైపు చూసింది. ఆయన బల్ల మీద గీత ఏదో చూసుకుంటున్నాడు. "రాయి. పద్దెనిమిది కొంపలు ఆరిపోతాయి లేకపోతే. కాయితం మీదే కదా" అంది. నాకు తేలికగా అనిపించింది. ఇందులో దాచుకోవడానికేం లేదు. ఆవిడ అలా అంటుందని నాకు ముందే తెలుసు, అందుకే ఆ మాట ఎత్తాను.

నాలుగు రోజులు వరసగా లాయరు గదికి తీసుకెళ్ళాను. ఆవిణ్ణి కమిటీ ముందుకు పిలుస్తారు కాబట్టి ముందే అలవాటు చేయాలన్నాడు. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ కూర్చున్నారు, మీ మరదలు ఏ మాటలతో చెప్పింది, మీరు ఏమన్నారు అని అడిగేవాడు. మొదటి రోజు వదినకు చెమటలు పట్టాయి. ఒకసారి సోమవారం అంది, ఒకసారి బుధవారం అంది.

"నాకు అబద్ధం చెప్పడం రాదండీ. ఎప్పుడూ అవసరం పడలేదు" అంది.

"అబద్ధమని అనుకోకండమ్మా. కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోండి, అంతే" అన్నాడు ఆయన. మంచివాడే. కసురుకోలేదు. ప్రతిసారీ మంచినీళ్ళిచ్చి మళ్ళీ మొదటి నుంచి అడిగేవాడు. నాలుగో రోజుకి ఆవిడ తడుముకోకుండా చెప్పింది. నేను కిటికీలోంచి చెప్పుల కొట్టుకి వచ్చేపోయేవాళ్ళను చూస్తూ విన్నాను.

రెండో విచారణలో అధ్యక్షురాలు వదినను ఎదురుగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగింది. "ఈ దుప్పట్లకు సూది తగలకూడదని మీకు చెప్పారా?"

"చెప్పిందండి. సోమవారం, భోజనాలయ్యాక. నేను కిటికీ దగ్గర ఉన్నాను. తన చేతిలో ప్యాకింగు టేపుంది, పళ్ళతో కొరికి తెంపుతోంది. వదినా, వీటిని కుట్టకండి అంది. రెండుసార్లు అంది."

టేపు సంగతి, పళ్ళతో కొరకడం, రెండుసార్లు అనడం ఇవేవీ లాయరు నేర్పినవి కావు. నేను తలెత్తి చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు.

"మరి ఎందుకు కుట్టారు?"

ఇదీ మేం నేర్పలేదు. వదిన ఆలోచించింది. "కన్నం కనబడింది. చెయ్యి వెళ్ళిపోయింది" అంది.

"ఆవిడ చెప్పింది మరిచిపోయారా?"

"మరిచిపోయినట్టున్నానండి."

కొత్త కంపెనీ మేనేజరు లేచాడు. సొంత ఆడపడుచును తీసేశామంటే ఎవరు నమ్ముతారు, రేపు పనొచ్చాక మళ్ళీ అదే కుర్చీలో కూర్చోబెడతారు అన్నాడు. ఆయన అన్న మాట నిజం. మేం అనుకున్నదీ అదే.

తీర్పు పది రోజులకు వచ్చింది. మా అభ్యంతరం నెగ్గింది. మళ్ళీ పరీక్ష పెట్టాలి. ఒప్పందం మాకు వస్తే, అది నడిచే ఐదేళ్ళూ వదిన లాండ్రీలో అడుగు పెట్టకూడదు. తనిఖీకి ఎప్పుడైనా వస్తారు, ఆవిడ కనబడితే ఒప్పందం రద్దు. మేనేజరు వేసిన ప్రశ్న ఫలితం అది.

రెండో పరీక్ష దుప్పట్లు నేనే ఉతికాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మరకలు పోయాయి, కన్నాలు కన్నాల్లాగే ఉన్నాయి. టెండరు మాకు వచ్చింది. మా ఆయన చదివి వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. వదిన కుట్టుబల్ల మీద ఎవరో చేతిసంచులు పెట్టుకున్నారు. తీయమని చెప్పాలనుకుని మానేశాను.

పని మునుపటిలాగే సాగింది. చిరిగిన దుప్పట్లు ఇప్పుడు విడిగా ఒక సంచిలో వేసి, చిరిగినట్టు కాయితం రాసి, అలాగే పంపేస్తున్నాం. ఆసుపత్రివాళ్ళు వాటినేం చేస్తున్నారో మాకు తెలియదు.

ఒకరోజు రోలరుకు అవతల పొడుగావిడ పక్కదానితో అంటోంది. "ఈవిడ రెండుసార్లు చెప్పిందట, అయినా పెద్దావిడ వినలేదట. వయసైపోయాక అంతే." నేను ఇవతల ఉన్నాను. విన్నానని వాళ్ళకు తెలుసు. దుప్పటి మూలలు సరిచేసి లోపలికి పెట్టాను. వాళ్ళకు నిజం చెబితే అది ఎక్కడెక్కడ తిరుగుతుందో ఎవరికి తెలుసు అనుకున్నాను. పైకి చెప్పుకోవడానికి ఆ కారణం బాగానే ఉంది.

ఇంకోరోజు బండిలో మా ఆయన, "నువ్వు మాత్రం ఏం చేస్తావులే, చెప్పాల్సింది చెప్పావు" అన్నాడు. వేళాకోళమేమోనని మొహం చూశాను. కాదు. రోడ్డు చూసుకుంటూ మామూలుగానే అన్నాడు. ఆ సాయంత్రం మాతోపాటు కూర్చుని అంతా విన్న మనిషే. సరిదిద్దాలంటే బండి ఆపమనాలి, మొదటి నుంచి చెప్పాలి. ఇల్లు దగ్గరికి వచ్చేసింది.

వదిన ఇంట్లో ఉంటోంది. మొదటి నెల అలమార్లన్నీ సర్ది, సర్దినవి మళ్ళీ సర్దింది. తర్వాత చీటీలు మొదలుపెట్టింది. పొయ్యి పక్కన ఒకటి, కుళాయి దగ్గర ఒకటి, వీధి తలుపు మీద ఒకటి. గ్యాసు కట్టేశాను, నీళ్ళు కట్టేశాను, తలుపు వేశాను అని రాసి ఉంటుంది, పక్కన ఏ పూటకాపూట టిక్కులు. పనిలేక చేస్తోందనుకున్నాను. నేను ఇంటికొచ్చేసరికి వంట అయి ఉండేది, ఇల్లు అద్దంలా ఉండేది, ఏ పనిలోనూ లోపం లేదు. ఒక్క వస్తువు కూడా మరిచిపోగా నేను చూడలేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అమ్మాయ్, ఒకటి అడుగుతాను. మొహమాటపడకుండా చెప్పు."

"అడగండి."

"ఆ రోజు కుట్టొద్దని నువ్వు నాకు చెప్పినప్పుడు, నేను నీ వైపు చూసి ఊఁ అన్నానా, లేక పని చేసుకుంటూ అన్నానా?"

నేను చేతిలో తువ్వాలు పక్కన పెట్టాను.

"మంగళవారానికి డాక్టరు దగ్గర పేరు రాయించుకున్నాను. మతిమరుపులు చూసే డాక్టరట. మొట్టమొదటిసారి ఎప్పుడు మరిచిపోయారని అడుగుతాడు కదా. అదే చెప్పాలి. నాకు నువ్వు అన్నది బాగా గుర్తుంది, నేను ఊఁ అన్నదీ గుర్తుంది. ఆ తర్వాత సూది ఎందుకు తీశానో ఎంత ఆలోచించినా దొరకడం లేదు. అదే భయంగా ఉంది" అంది.

"వదినా, నేను మీకు చెప్పలేదు. ఆ పేజీ నేను చదవనే లేదు. మీరే చెప్పానని రాయమన్నారు, ఇక్కడే, ఈ బల్ల దగ్గరే. తర్వాత లాయరు మీకు నేర్పాడు. మీరు ఏమీ మరిచిపోలేదు. తప్పు నాది."

ఆవిడ చివరిదాకా ఓపిగ్గా వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నిమిరింది.

"నువ్విలా అంటావని నాకు తెలుసు. నేను బాధపడతానని."

మళ్ళీ చెప్పాను. తేదీతో, వేళతో, బండి తొందరలో నేనన్న మాటతో సహా చెప్పాను. ఆవిడ తల ఊపుతూనే ఉంది. ఇన్ని నెలలూ ఎక్కడికి పోయిందో తెలియని నా కోపం అప్పుడొచ్చింది. "చెప్పలేదంటుంటే అర్థం కావడం లేదా మీకు? నేను చెప్పలేదు" అని అరిచాను. మా ఆయన లోపలి గదిలోంచి తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. నేను ఆయన వైపు చూశాను, మీరైనా చెప్పండని. ఆయన తలదించుకున్నాడు.

వదిన కొంచెం వెనక్కి జరిగింది. "సరే, సరే. చెప్పలేదులే. అరవకు" అంది, జ్వరంతో ఉన్నవాళ్ళ మాటకు తలాడించినట్టు. తర్వాత నేను మడత పెట్టిన బట్టలు తీసుకుని లేచింది. మంగళవారం నన్ను కూడా తోడు రమ్మంది. డాక్టరు అడిగినప్పుడు తను ఏదైనా తప్పు చెబితే, నిజంగా జరిగిందేమిటో నేను చెప్పాలట.